అత్త ఫోన్లో మద్దిలేటి మామ

చచ్చిపోయిన మనిషిని మళ్ళీ చంపినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పోలీసు కేసు కాలేదు గానీ, బేతంచెర్లలో మా మేనమామ వాళ్ళ వీధిలో ఇప్పటికీ నేను కనబడితే కొందరు ముసలమ్మలు కొంగు నెత్తిన కప్పుకొని పక్క సందులోకి తప్పుకుంటారు. అంత ఘనకార్యానికి నేను కత్తి పట్టలేదు, విషం కలపలేదు. ఒక్క లైను చెరిపాను. అంతే!

ఆ లైను సంగతి చెప్పాలంటే ముందు నా తిక్క సంగతి చెప్పాలి. కర్నూల్లో పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కొని, మళ్ళీ కంప్యూటర్ ముందే కూర్చుంటాను. ఒక పాతరకం ఫోన్ ఉంది. కంపెనీవాళ్ళు దాన్ని ఎప్పుడో గాలికొదిలేశారు. దానికి కెర్నెల్ నేను చూసుకుంటాను, అలాంటివాణ్ణి మెయింటెయినర్ అంటారు. కెర్నెల్ అనగానే పేజీ తిప్పేయకండి. ఫోన్ ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ అనుకుంటే, కెర్నెల్ అందులో మేస్త్రీ. కెమెరాకు ఒకడు, స్పీకరుకు ఒకడు, తెరకు ఒకడు చొప్పున కూలీలుంటారు. వాళ్ళే డ్రైవర్లు. మేస్త్రీ కేకేస్తే కూలీ కదులుతాడు. ఎవరేం చేయాలో రాసిన ఆ రాతలన్నింటినీ కలిపి ఒక్క ముద్దగా వండడాన్ని బిల్డ్ అంటారు. నేను వండి ఇంటర్నెట్‌లో పెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు దించుకొని తమ ఫోన్లలో వేసుకునేవాళ్ళు. "అన్నా, నీ కెర్నెల్ ఏసినాక ఫోన్ గుర్రమైపోయింది" అని ఒకడు రాస్తే చాలు, నాకు ఆ పూట అన్నం అక్కర్లేదు.

పరిగెత్తే గుర్రానికి ఇంకో కొరడా దెబ్బ తగిలిద్దామనుకున్నాను. అక్కడే నన్ను శని పట్టింది. ఫోన్లో అవతలివాళ్ళ గొంతును క్షణంసేపు నిలవ చేసే చోటు ఒకటుంటుంది. గాదె అనుకోండి. కొత్త కాల్ వచ్చినప్పుడల్లా ధ్వని డ్రైవరు ఆ గాదెను ఊడ్చి, ఆ తరవాతే కొత్త గింజలు పోస్తాడు. ఊడ్చే పని మానేస్తే కాల్ రెప్పపాటు ముందు కలుస్తుంది కదా అని ఆ ఊడ్చే లైను తీసేశాను. పరీక్ష కోసమే తీశాను. మళ్ళీ పెడదామనుకున్నాను. మరిచిపోయాను. బిల్డ్‌కేం తెలుసు పాపం, ఇచ్చిన దినుసులతో వండిపెట్టింది.

మద్దిలేటి మామ మా అమ్మ తమ్ముడు. ఇళ్ళలో నేలకు పరిచే బేతంచెర్ల బండలు చుట్టుపక్కల ఊళ్ళకు తోలే వ్యాపారం ఆయనది. మామకూ, సుంకులమ్మత్తకూ నేనే ఆ రకం ఫోన్లు తెచ్చిచ్చాను. ఈ కొత్త వంటను కూడా ముందుగా వాళ్ళకే వడ్డించాను.

"మామా, కొత్తది ఏస్తాండా, ఫోన్ ఇట్లియ్యి."

"ఏసుకో అప్పా. నాకేం తెలుసు? మాట ఇనపడితే సాలు."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. గడప దాటేవాడు "పోతాండా" అనడు. అంటే ఇంట్లోవాళ్ళు చెంపలేయించి మళ్ళీ కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు. పోయేవాడు "వస్తా" అనాలి. ఫోన్ పెట్టేసేటప్పుడూ అదే మాట. మామ అయితే మంచం మీద నుంచి కదలకుండానే ప్రతి కాల్ చివరా "వస్తాండా" అని పెట్టేసేవాడు.

నేనా కొత్తది వేసిన మర్నాడే మధ్యాహ్నం, మామ కోడుమూరు బస్టాండు నుంచి అత్తకు ఫోన్ చేశాడు. "పని అయిపాయ. అన్నం పెట్టుకోనుండు. వస్తాండా." బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. దారిలోనే గుండె ఆగింది. పక్కనున్నవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారట. అత్త కంచంలో అన్నం పెట్టి, మూతేసి, వాకిట్లోనే కూర్చుని ఉండింది.

మామ పెద్దదినం, అంటే పెద్దకర్మ నాడు నేను నీళ్ళ క్యాన్లు తీసుకొని వచ్చేసరికి ఇంట్లో ఉండాల్సిన జనమంతా వీధిలో ఉన్నారు. లోపల పొయ్యి మీద పప్పు మాడుతోంది. మామ కూతురు పద్మ నా చేయి పట్టుకుంది. ఆ చేయి ఆ ఎండలో కూడా చల్లగా ఉంది.

"బావా, నాయన మాట్లాడినాడు."

"యాడ?"

"అమ్మ ఫోన్లో. ఎవురో చుట్టాలు చేసినారు. స్పీకర్ పెడితిని. ముందు నాయన 'వస్తాండా' అన్న్యాడు. ఆ తర్వాతే వాళ్ళు హలో అన్న్యారు."

"వచ్చే చుట్టాలెవరో వస్తామని ఉంటారులే."

"మా నాయన గొంతు నాకు తెలీదా బావా?"

పక్కింటి లారీ డ్రైవరు మస్తానన్న గొంతు తగ్గించి అందుకున్నాడు. "నేనూ ఇన్న్యా సీనా. అచ్చం మద్దిలేటన్నే. బాయిలోంచి పలికినట్ల పలికినాడు."

నేను నవ్వాను. ఎట్లా నవ్వానంటే, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది. సిగ్నళ్ళు, టవర్లు, లైన్లు కలిసిపోవడాల మీద వాళ్ళందరికీ నడివీధిలో ఉపన్యాసం ఇచ్చి కర్నూలు బస్సెక్కాను. చింత చచ్చినా పులుపు చావలేదంటారు. మామ చచ్చినా పలుకు చావలేదని నాకప్పుడు తెలియదు.

అసలు గండం తరవాత వచ్చింది. అత్తకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో పొర ముదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే ఇదీ దక్కదని కర్నూల్లో డాక్టరు గట్టిగా చెప్పాడు. మామ ఉన్నప్పుడే ఆపరేషన్ చేయిద్దామనుకున్నారు. ఇప్పుడు అత్త కదలనంటోంది. నేను ఫోన్ చేసి బతిమాలాను.

"అత్తా, కండ్లు పోతాయి. మొండితనం చేయొద్దు."

"మీ మామ వస్తాండానని చెప్తాండాడురా. ఎవురు ఫోన్ చేసినా ముందు ఆయప్పే పలుకుతాడు. ఇంటికి బీగమేసి నేను యాడికి పోయేది? వచ్చి తలుపు కొట్టి ఎనక్కి పోతే?"

"సచ్చిపోయినోడు ఎట్లొస్తాడత్తా?"

"అది ఆయప్పనే అడుగు. వస్తాననేది ఆయప్ప, నేను గాదు."

ఇక లాభం లేదని బేతంచెర్ల పోయాను. మిట్టమధ్యాహ్నం. నేను వీధిలో అడుగు పెట్టగానే కరెంటు పోయింది. పొద్దున్నుంచీ గీపెడుతున్న బండల కోత మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంత చప్పుడు ఆగితే చెవుల్లో ఏదో మూలుగుతున్నట్టే ఉంటుంది. చెట్లమీద, గోడలమీద, ఆగిన లారీల మీద తెల్లటి రాతిపొడి. మనిషి అలికిడి లేదు. అత్త గడప మీద కూర్చుని ఉంది, చూపు వీధి మలుపు మీద. పక్కన మూతేసిన కంచం. 

"ఎవురది?"

"నేనే అత్తా, సీనాను."

ఆమె ఒళ్ళో ఉన్న ఫోన్ అప్పుడే మోగింది. సందు చివర దుకాణంలో ఉన్న పద్మ చేస్తోంది. నేనే తీసుకొని స్పీకర్ నొక్కాను. ముందు గరగరమని ఒక చప్పుడు. దాని వెనక ఎక్కడో బస్సు హారన్. తరవాత, నా అరచేతిలోంచి, నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన గొంతు. "వస్తాండా."

చదువుకున్నవాణ్ణి. మేస్త్రీలనూ కూలీలనూ వండి ప్రపంచానికి వడ్డించేవాణ్ణి. ఫోన్ అత్త ఒళ్ళోకి విసిరేసి వెనక్కి వెనక్కి నడిచాను. వీపుకు కళ్ళుండవు కదా! వెనకున్న బండలు కోసిన నీళ్ళ గుంటలో పడ్డాను. అందులో నీళ్ళ కంటే తెల్లటి రాతిబురద ఎక్కువ. లేచేసరికి తల నుంచి కాలి దాకా సున్నం కొట్టిన గోడలా ఉన్నాను. బయటికొచ్చిన మస్తానన్న నన్ను చూసి, "యా అల్లా! మద్దిలేటన్న వచ్చేసినాడే!" అని అరిచి ఇంట్లో దూరి గడియ పెట్టుకున్నాడు.

తప్పటడుగులు వేస్తూ గడప దగ్గరికి వచ్చాను. అత్త తలెత్తింది. సరిగా కనబడని ఆ ఒక్క కంటితో తెల్లటి ఆకారం కేసి చూసింది. కంచం మీద మూత తీసింది.

"వచ్చినావా?" అంది.

నా జీవితంలో ఏ దయ్యానికీ నేనంత భయపడలేదు, ఆ ఒక్క మాటకు భయపడినంత. "కాదత్తా... సీనాను... గుంటలో పడితిని" అన్నాను.

"నీ బండబడ! కొంచెమన్నా సిగ్గుండాదా నీకు?" అని మూత నా మీదికి విసిరింది.

స్నానం చేసి, మామ లుంగీ కట్టుకొని, ఆమె ఫోన్‌కు వైరు తగిలించి వెతకడం మొదలుపెట్టాను. ఎంతోసేపు పట్టలేదు. నేను తీసేసిన లైను నన్ను చూసి పళ్ళికిలించింది. ఊడవని గాదె! పైగా ఒకే రకం ఫోన్లు రెండూ మాట్లాడుకుంటే గొంతు స్పష్టంగా ఉండాలని గాదె అడుగు దాకా వాడుకునేట్టు చేశాను. మిగతా ఎవరి కాల్ అయినా పై సగమే. మామ పోయాక అలాంటి కాల్ రాలేదు. నేనూ అత్తకు వేరే ఫోన్ నుంచే చేస్తాను. అత్త ఫోన్ ఆర్పనే లేదు. మామ చివరి మాట అడుగున అట్లాగే మిగిలింది. ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ అడుగు గింజలే రాలుతున్నాయి. దయ్యం మామ కాదు, నేను!

పద్మనూ, గడియ తీసిన మస్తానన్ననూ పిలిచి అంతా విడమరిచి చెప్పాను. అత్త శ్రద్ధగా విన్నది.

"అంటే మీ మామ నీ గాదెలో ఉండాడా?"

"మామ లేడత్తా. మామ మాట ఉండాది."

"మనిషి లేంది మాటెట్లుంటాదిరా? అంతా నీ సదువుకున్న కతలు."

"అట్లయితే చూడు, ఇప్పుడే రుజువు చేస్తా."

చదివేవారంతా ఒక్క నిమిషం నా కోసం దేవుడికి దండం పెట్టుకోండి. నా దగ్గరా అదే రకం ఫోన్ ఒకటుంది, పరీక్షలకు పెట్టుకున్నది. దాన్నుంచి అత్తకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది.

"హలో, ఇప్పుడు నేను పెట్టేస్తా. మల్ల పద్మ చేస్తాది. అప్పుడు మామ పలకడు, నేను పలుకుతా. సరేనా? వస్తా అత్తా."

పెట్టేశాను. పద్మ తన ఫోన్ నుంచి చేసింది. స్పీకర్లోంచి నా గొంతు, బావిలోంచి వచ్చినట్టు, "వస్తా అత్తా" అంది.

"చూసినావా! చూసినావా అత్తా!" అని నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. మస్తానన్న కూడా కొట్టాడు. పద్మ కొట్టలేదు.

"బావా, మల్ల నాయన మాట?"

నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఇంకోసారి చేయమన్నాను. "వస్తా అత్తా." మళ్ళీ చేయమన్నాను. "వస్తా అత్తా." ఎన్నిసార్లు చేసినా నా దిక్కుమాలిన గొంతే. గాదె అడుగు దాకా నిండేది అదే రకం ఫోన్ నుంచి చేస్తేనే అని ఇప్పుడే గదా మీకు చెప్పాను! మీకు చెప్పడం వచ్చింది, నాకు గుర్తుంచుకోవడం రాలేదు. వైరు తగిలించే ఉంది. ఆ మాటను ముందుగా ఒక పక్కకు తీసి దాచిపెట్టుకోవడం నాకు చిటికెలో పని. చేయలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందేస్తే మామ నాలుక ఊడింది.

అత్త ఫోన్‌ను చెవికి ఆనించుకొని చాలాసేపు ఉంది.

"మీ మామ యాడరా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా, మామ లుంగీ అంచుతోనే ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. "పోయినాడత్తా. నేనే తుడిచేసినా."

ఆమె లేచి, కంచంలో అన్నం కుక్కకు పెట్టి, కంచం కడిగి బోర్లించింది. తిడుతుందేమో, కొడుతుందేమో అని చూశాను. కొట్టినా బాగుండేది. గోడ పట్టుకుంటూ వచ్చి మళ్ళీ గడప మీద కూర్చుంది.

"బతికుండంగా గూడా ఆయప్ప అంతే. వస్తాండా వస్తాండా అనేది, పొయ్యి ఆరిపోయినా వచ్చేది లేదు. సచ్చినంక గూడా ఇన్నాళ్ళు నన్ను వాకిట్లో కూచోబెట్నాడు. సరే. ఇప్పుడు నువ్వంటాండావు, వస్తా అత్తా అని. నువ్వన్నా వస్తావా, రావా?"

"యాడికత్తా?"

"యాడికేందిరా, ఆస్పత్రికి! ఈ కన్ను గూడా పోతే నీ మొగం ఎవురు చూస్తారు?"

ఆ మరుసటి బస్సుకే కర్నూలు తీసుకొచ్చాను. కన్ను దక్కింది. కట్టు విప్పగానే నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంత సన్నబడినావేమిరా" అంది. నేను కూడా సంతోషం పట్టలేక, ఊడ్చే లైను మళ్ళీ పెట్టి, శుభ్రంగా కొత్త బిల్డ్ వండి, "ఇయ్యత్తా ఫోన్, ఇంగ ఆ పీడ ఉండదు" అన్నాను. ఆమె ఫోన్ కొంగులో చుట్టేసుకుంది.

"ఉండనీ."

"తప్పత్తా అది. సరిచేయాల."

"తప్పైతే తప్పు. మీ మామ మాట పోగొట్టినావు, నీ మాటన్నా ఉండనీ. నువ్వు రాకుంటే ఈ మాట వీధి వీధంతా ఇనిపిస్తా."

అందుచేత మహాజనులారా, ఇప్పుడు నా బిల్డులు రెండు రకాలు. లోకానికంతా ఊడ్చే గాదె. సుంకులమ్మత్తకు ఊడవని గాదె. ఏ డ్రైవరు మార్చినా, ఏ మరమ్మతు చేసినా, ఆ ఒక్క ఫోన్‌లో తప్పు చెక్కుచెదరకుండా ఉందో లేదో భూతద్దం పెట్టి చూసుకుంటాను. తప్పును ఇంత నిష్ఠగా కాపాడే మెయింటెయినర్ ఇంకొకడు ఉండడు. ఫోన్ ఆరి మళ్ళీ వెలిగితే గాదె ఖాళీ అవుతుంది కదా, వెంటనే కబురొస్తుంది. "సీనా, ఫోన్ పండుకోని లేసిందిరా. చెప్పు." నేను ఎంత మీటింగులో ఉన్నా బయటికొచ్చి, పరీక్షల ఫోన్ తీసి, గొంతు సవరించుకొని "వస్తా అత్తా" అని చెబుతాను.

కాబట్టి కుడిచేయి చాచి, కంప్యూటర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మనిషి మాట ఉన్న చోటు మీద, ఆ మాటను ముందు ఒక పక్కన దాచకుండా, చేయి వేయను. పరీక్ష కోసమని ఏ లైనూ తీయను. ముఖ్యంగా, ఫోన్లో "వస్తా" అన్నాక పోకుండా ఉండను. పోయినవారం పని ఉండి పోలేకపోయాను. ఈ ఉదయం మస్తానన్న ఫోన్ చేసి, "సీనా, మీ అత్త నీ మాటను మైకుకు తగిలించే వైరు అడుగుతాంది, ఇయ్యల్నా వద్దా?" అన్నాడు. బస్టాండులో ఉన్నాను, తరవాత మాట్లాడతాను.