ఛార్జింగ్ అయిపోతే తొక్కుకోవచ్చట!

మోకాళ్ల నొప్పితో బాధపడుతున్న అమ్మకు ఎలక్ట్రిక్ సైకిల్ కొందామని ఈ రోజు గుంటూరులో ఒక షోరూమ్‌కు వెళ్లాం. అమ్మ పెదకాకాని దగ్గర ఒక పల్లెలో టీచరు. బస్సు దిగాక బడి వరకు పత్తి చేల మధ్య నడవాలి. ఆ దారిలో ఆటోలు తిరగవు.

సేల్స్‌మన్ మాటిమాటికీ "నమ్మండి మేడమ్" అంటూనే ఉన్నాడు. నమ్మమని అన్నిసార్లు బతిమాలే మనిషిని అనుమానించడం నా కనీస బాధ్యత.

"దారిలో ఛార్జింగ్ అయిపోతే?" అని అడిగాను.

"అవ్వదండీ. అయినా మామూలు సైకిల్‌లాగే తొక్కుకోవచ్చు."

"అవ్వనే అవ్వకపోతే ఆ రెండో మాట ఎందుకండీ?"

ఆయన నవ్వి, ఒక సైకిల్‌ను షోరూమ్ బయటికి తెచ్చి నిలబెట్టాడు.

మా ప్రాంతంలో మిర్చి కొనేవారు బస్తా పైనున్న కాయను చూసి బేరమాడరు. మధ్యలోకి చెయ్యి దూర్చి పిడికెడు బయటికి లాగుతారు. మిరప రైతు కూతురైన అమ్మ ఇక్కడా అదే పని చేసింది.

"ఆ బ్యాటరీ ఆపెయ్యి బాబూ, ఓసారి తొక్కి చూస్తా."

వీధి మలుపు దాకా తొక్కి, అక్కడ దిగిపోయి, ఆ బరువైన సైకిల్‌ను ఆయాసపడుతూ తోసుకొచ్చింది.

"కొత్త కదా మేడమ్, నాలుగు రోజుల్లో అలవాటైపోద్ది."

"నడక నాకెప్పుడో అలవాటైందయ్యా. ఇప్పుడు దీన్ని కూడా తోసుకుంటా నడవమంటావా?"

కొనకుండానే వచ్చేశాం. మిత్రులారా, బ్యాటరీ పూర్తిగా అయిపోయాక ఇంటిదాకా నిజంగా తొక్కినవారు మీలో ఉంటే, అది ఏ సైకిలో చెప్పండి. అమ్మేవారి వాదన విన్నాం. తొక్కినవారి సాక్ష్యం కావాలి. అమ్మ రేపు కూడా నడిచే వెళ్తుంది.