చెవిలో హోరు దాచుకున్న ఎల్లమ్మ

1958. వికారాబాద్ దగ్గర ఒక క్షయ ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో నేను నర్సుని. మంచం, తిండి, మందు అన్నీ ఉచితమే. కాకపోతే మంచం దొరకడమే గగనం. దొరికినవాళ్లు అది ఎక్కడ చేజారిపోతుందోనని బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్లు.

దోమ అనే ఊరి వైపు నుంచి ఎల్లమ్మ వచ్చింది. గొర్రెలు కాసుకునే ఇల్లు. ఇరవై ఏళ్లుంటాయేమో. పాలు తాగే ఆడపిల్లను అత్త చేతిలో పెట్టి వచ్చింది. జబ్బు అంటుకుంటుందని పిల్లల్ని మేం వార్డులోకి రానిచ్చేవాళ్లం కాదు.

"నేను బతకాలె సిస్టరమ్మా. నేను లేకుంటె నా బిడ్డను ఎవలు చూస్తరు?" అంది మొదటి రోజే, ఏడుస్తూ.

"బతకాలంటే ఏడుపు ఆపి వేళకు మందు తీసుకో" అన్నాను. నాది కాస్త కటువు నోరు.

స్ట్రెప్టోమైసిన్ అనే సూది మందు అప్పట్లో మా పాలిట సంజీవని. ఊపిరితిత్తుల్లో క్షయను అణిచేది. కానీ కొందరికి చెవి నరాన్ని దెబ్బతీసేది; వినికిడీ పోయేది, నడకా తూలేది. ముందు చెవిలో హోరు మొదలవుతుంది. అప్పుడే ఆపితే చాలామందికి ఉన్న వినికిడి మిగులుతుంది. అందుకే సూది వేసేముందు అందరినీ అడిగేదాన్ని.

"చెవిలో ఏమన్నా మోగుతోందా ఎల్లమ్మా?"

"ఏం లేదు సిస్టరమ్మా. మంచిగనే ఉంది."

కొన్నాళ్లకు మంచాలు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఏమిటంటే నీరసమనేది. పక్క మంచం మరియమ్మ, మోమిన్‌పేట్‌లో కూలి చేసుకునే పెద్దామె, "కడుపునిండ తింటలేదమ్మా, గందుకే" అని వంత పాడేది.

మరియమ్మ నయమై ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున డాక్టరుగారు రౌండుకు వచ్చారు. ఎల్లమ్మ కిటికీ వైపు తిరిగి జడ వేసుకుంటోంది. ఆయన పిలిచారు. పలకలేదు. గట్టిగా పిలిచారు. ఊహూఁ. నా చేతిలోని ట్రేను కావాలనే బల్ల మీద ఠాప్‌మని కొట్టాను. వార్డంతా ఉలిక్కిపడింది. ఆమె మాత్రం జడ అల్లుకుంటూనే ఉంది.

ఎదురుగా వెళ్లి చెవి చూపించి అడిగాను. నా పెదాల వైపే చూసింది. ఇన్నాళ్లూ మరియమ్మ సైగ చేస్తే జవాబులు చెప్పేదట!

"మోగుడు ఎప్పుడో బందైంది సిస్టరమ్మా. ఇప్పుడు ఏం ఇనొస్తలేదు."

"మరి చెప్పవెందుకే!" అని అరిచాను. అరిస్తే వినబడుతుందా, నా పిచ్చి గాని. నా ముఖం చూసే అర్థం చేసుకుంది.

"గా మూల మంచం తాండూరామె చెవి మోగుతుందని చెప్పింది. తెల్లారి చూస్తె మంచం ఖాళీ. నన్ను గూడ ఇంటికి పంపితె సచ్చిపోత గద. నా బిడ్డ ఆగమైతది."

తాండూరామెను పంపింది ఇంటికి కాదు, చెవి పరీక్షకు, పట్నం పెద్దాసుపత్రికి. తిరిగొచ్చాక సూది మాన్పించి మాత్రలు మొదలుపెట్టి ఇంకో వార్డులో ఉంచారు. ఆ పరీక్షా ఉచితమే, ఆ మాత్రలూ ఉచితమే. అవన్నీ ఎల్లమ్మకూ అందవలసినవే. తల్లీ, ఎంత పని చేశావు అనుకున్నాను.

ఆమెనూ పట్నం పంపారు. నరం పూర్తిగా పోయింది, చెవికి మిషను పెట్టినా లాభం లేదన్నారు. మాత్రలతో రోగం మాత్రం నయమైంది.

వచ్చిన రెండేళ్లకు, ఇంటికి వెళ్లే రోజు భర్త పిల్లను ఎత్తుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఎల్లమ్మ తూలుకుంటూనే గబగబా వెళ్లి బిడ్డను లాక్కుని గుండెకు హత్తుకుంది. ఆ పిల్ల బిగుసుకుపోయి తండ్రి వైపు చేతులు చాచింది.

"నాయినా, గీమె ఎవలు?"

ఎల్లమ్మ వెలిగిపోతున్న ముఖంతో నా వైపు తిరిగింది. "ఏమంటుంది సిస్టరమ్మా నా బిడ్డ?"

ఆమెకు కనబడేలా పెదాలు విప్పి, "అమ్మా అంటోంది" అన్నాను. ఆమె పిల్లను ముద్దులతో ముంచెత్తింది. భర్త తల వంచుకున్నాడు.

పేదవాళ్లకు మందు ఉచితంగా ఇస్తే చాలదు, ఏ మాట చెబితే ఏమవుతుందో కూడా ముందే చెప్పాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత కొత్తగా ఎవరొచ్చినా మంచం పక్కన కూర్చుని చెప్పేదాన్ని. "చెవిలో మోగితే వెంటనే చెప్పు. మందు మారుస్తరు, నిన్ను ఇంటికి పంపరు." కొందరు నమ్మేవాళ్లు కాదు. వాళ్ల చెయ్యి పట్టుకుని ఒట్టు వేసేదాన్ని.