మల్లెచెట్టుకు పోసిన రాకెల్

తొంభైల చివర్లో, మరమగ్గాల ఊరు భివండీలో మాది ఒకటే గది ఉన్న ఖోలీ. అమ్మ ఊపిరితిత్తులు చెడి మంచం పట్టింది. ముప్పై ఏళ్లు కండెలు చుడుతూ మింగిన నూలు దుమ్ము ఊరికే పోతుందా? గడప పక్కన నూనె డబ్బాలో ఉన్న మల్లెచెట్టే ఆమెకు కాలక్షేపం. ఊరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న కొమ్మ అది. ఆ ఏడు మొదటిసారి పూస్తుందని ఆశ పెట్టుకుంది.

“ఒక్కసారి పూస్తే సూసి పోత,” అనేది. ఆ పోయే మాటకు నాకు ఒళ్లు మండేది.

అన్నం వార్చిన గంజి పారబొయ్యడానికి, నూలుకు గంజి పెట్టే నేతపనోళ్లకు చేతులు రావు. బలమని రోజూ చెట్టుకే పోశాను. చలి తగ్గేసరికి మన్ను పులిసి, నల్లటి సన్నదోమలు లేచాయి. కెలికితే తెల్లటి పురుగులు. దోమలు అమ్మ ముఖం మీద, చాయ్‌లో వాలుతున్నాయి.

“గంజి బంద్ జెయ్ కొడుకా. మన్ను గుల్ల జేసి నాలుగొద్దులు ఎండనియ్యి. పురుగు అదే పోతది,” అంది.

నాలుగు రోజులు ఆగే ఓపిక నాకుంటే కదా. సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే మాకు అన్నిటికీ ఒకటే మందు, రాకెల్. జిడ్డు సామాను కడగాలన్నా, చేతుల మీది నల్లనూనె వదలాలన్నా, మంచంలో నల్లులు చావాలన్నా ఆ కిరోసినే. సాంచాలు ఆగే శుక్రవారం నాడు చెంబు నీళ్లలో కలిపి డబ్బాలో పోశాను. అమ్మ వద్దంటూనే ఉంది. ఆ వాసనకు ఆమెకు దగ్గు ఎత్తుకుని గంటసేపు ఆగలేదు.

పురుగులు చచ్చాయి. మూడోనాటికి ఆకులు పసుపెక్కి రాలాయి. కొమ్మ గీరి చూస్తే లోపల పచ్చదనం లేదు. చేతులారా చంపాను.

అమ్మ తిట్టినా బాగుండేది. పక్క ఖోలీ ఆమె వచ్చి, “ఏందక్కా, చెట్టు గట్లయింది?” అని అడిగింది.

“నేనే నీళ్లు ఎక్కువ పోసిన చెల్లె. నాకు తెలివి లేకపాయె,” అంది అమ్మ.

నేను గడపలోనే నిలబడి ఉన్నాను. మంచం దిగలేని మనిషి నీళ్లెట్లా పోసిందని ఆమె అడగలేదు. పోసింది నేనని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వంగి, రాలిన ఆకులు ఏరాను.

ఆ నెలలోనే అమ్మ పోయింది. చూడవచ్చిన వాళ్లందరికీ పక్క ఖోలీ ఆమె చెప్పుకుంటూ ఏడ్చింది. “పాణంగ సాదుకున్న చెట్టు. నీళ్లెక్కువ పోసి తనే సంపుకున్నది, పాపం.”

వాళ్లు నా వైపు చూశారు. నేను అవునన్నట్టు తలూపాను.