అయ్యూబ్ ఊట దగ్గర హాదిచా

బుఖారాలో అయ్యూబ్ ప్రవక్త ఊట దగ్గర నీళ్ళు తోడిపోసే హాదిచాకు మహా గర్వం. ఉండదా మరి! ఆమె తోడిన నీళ్ళు కోటకు వెళ్తాయి. వాటిని అమీరు తాగుతాడు, కాలి మీద పోయించుకుంటాడు.

అమీరు కాలికి నారికురుపు లేచింది, లోపల దారంలాంటి పొడుగాటి పురుగు. చెరువు నీళ్ళు తాగే ఆ ఊళ్ళో అదేం వింత కాదు. మంగలి పురుగు కొసను పుల్లకు చుట్టి రోజుకింత బయటికి లాగేవాడు. అమీరు మాత్రం లాగనివ్వలేదు. ఒళ్ళంతా పుండ్లు పడ్డ అయ్యూబ్ ప్రవక్త, కింద రాలిన పురుగును కూడా తీసి మళ్ళీ పుండు మీదే పెట్టుకున్నాడట, దేవుడు దానికి తిండి అక్కడే రాశాడని. "ప్రవక్త తియ్యని పురుగును నేను తీయించుకుంటానా? ఊట నీళ్ళే నయం చేస్తాయి" అన్నాడు అమీరు. పుల్ల పట్టిన మంగలికి కొరడా దెబ్బలని చాటింపు వేశారు. ఊరు భక్తిలో అమీరును మించిపోయింది, హాదిచా ఊరిని మించిపోయింది.

అంతలో ఆమె కోడలు రోబియా చీలమండ దగ్గర పురుగు తల పెట్టింది. కొడుకు పోయాక హాదిచాకు మిగిలింది ఆ పిల్లే. పూటపూటకూ నీళ్ళు పోసింది. కాలు వాచింది, జ్వరం తగ్గలేదు.

"అత్తమ్మా, నీ ఊట మీద నాకేం కోపం లేదు. కానీ ఓర్చుకోలేకపోతున్నా" అంది రోబియా.

ప్రవక్త పురుగును పెట్టుకున్నది తన ఒంటి మీద, కోడలి ఒంటి మీద కాదు కదా అని అప్పుడు హాదిచాకు తోచింది. వెంటనే మంగలి నుస్రత్ ఇంటికి వెళ్ళింది.

"ఏం వదినా, మొన్న బజార్లో నన్ను దుమ్మెత్తి పోశావుగా?"

"పోశాను. కావాలంటే రేపు మళ్ళీ పోస్తా. ఇప్పుడు మాత్రం నడు."

"మరి నా వీపు?"

"గుమ్మంలో నేను కూచుంటా. ఎవరొచ్చినా లోపల ఊట నీళ్ళు పోస్తున్నామంటా."

"నువ్వా? అబద్ధమా?"

"నోరు నాది, నీకెందుకు? నడవవయ్యా!"

నుస్రత్ రోజూ కాస్త కాస్త చుట్టాడు. హాదిచా గుమ్మంలో కూచుని, వచ్చినవాళ్ళకల్లా నదురూబెదురూ లేకుండా అబద్ధం చెప్పింది. పురుగు తెగకుండా వచ్చింది. రోబియా లేచి తిరిగింది.

హాదిచా మళ్ళీ ఊట దగ్గరికి వెళ్ళింది. ఆ నీళ్ళ మీద ఆమెకు ప్రేమేం తగ్గలేదు. ఒకరోజు కుమ్మరివాళ్ళ ఆడమనిషి కుంటుకుంటూ వచ్చింది. కోట నౌకరు అమీరు కూజా పట్టుకుని పక్కనే ఉన్నాడు.

"అమ్మా, అమీరు గారికి ఈ నీళ్ళతోనే తగ్గిందట గదా?"

ఇన్నాళ్ళూ హాదిచా అవునంటూనే వచ్చింది. నౌకరు వైపు చూసింది.

"తగ్గలేదమ్మా. నీళ్ళు పోసుకో, పురుగు తల పెడుతుంది. పెట్టాక పుల్లకు చుట్టించుకో."

నౌకరు కూజా కింద పెట్టాడు. అటూఇటూ చూసి, పైజామా పైకి లాగి వాచిన పిక్క చూపించాడు.

"ఎవరు చుడతారమ్మా?" అన్నాడు మెల్లగా.