ఎవరూ చదవని మాట

మా గుడిలో కీర్తన చదివేవాళ్లు ఒక మాటను దాటేసేవారు. బైబిల్లో అది బ్రాకెట్లలో ఉంటుంది: సెలా. నలభై ఏళ్లు కీర్తనలను చెవులతోనే నేర్చుకున్న నాకు, అలాంటి మాట ఒకటుందనే తెలియదు.

పామర్రు దగ్గర మా ఊళ్లో వరినాట్లు వేసి బతికేవాళ్లం. పంతొమ్మిది వందల డెబ్బైల్లో, నాకు నలభై దాటాక, పాస్టరుగారి భార్య నా చేతికి పలక ఇచ్చారు. ఆవిడను అమ్మగారని, పాస్టరుగారిని అయ్యగారని పిలిచేవాళ్లం. మధ్యాహ్నం చేలోంచి రాగానే కాళ్ల బురద కడుక్కుని గుడి వరండాలో కూర్చునేదాన్ని. నారు పట్టిన వేళ్లలో బలపం నిలిచేది కాదు. చదవడం రావడానికి రెండేళ్లు పట్టింది.

ఏటా ఒక ఆదివారం ఆరాధన ఆడవాళ్లే నడుపుతారు. ఆ ఏడు కీర్తన చదివేది నేనేనని అయ్యగారు చెప్పగానే సంఘపెద్ద నవ్వాడు.

"ఈవిడ చదవడమేంటండీ? కీర్తనలన్నీ నోటికొచ్చు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా గడగడా అప్పజెప్పేస్తది."

నిజంగానే నోటికొచ్చు కాబట్టి ఆ మాట గుచ్చుకుంది. తప్పు లేకుండా చదివితే అప్పజెప్పిందంటారు. తడబడితే చదువు రాలేదంటారు. పలక పట్టడానికి సిగ్గుపడే ఆడవాళ్లంతా నావైపే చూస్తున్నారు.

ఆదివారం లేచి నిలబడ్డాను. సముద్రం పొంగినా మేం భయపడం అనే కీర్తన అది. కళ్లు మూసుకున్నా వస్తుంది. అందుకే పుస్తకం మీంచి కళ్లు తిప్పకుండా, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాను. మూడో వచనం చివర వేలి కింద ఓ కొత్త మాట. దాటబుద్ధి కాలేదు.

"సెలా" అన్నాను, గట్టిగా.

చాప మీద కూర్చున్న మా ఆడపడుచు కిసుక్కున నవ్వింది. "ఎవరొదినా ఆ సెలా?"

సంఘపెద్ద లేచాడు. "అయ్యగారూ, ఆ మాట ఎవరూ చదవరు కదండీ! ఎప్పుడన్నా విన్నామా?"

"నేననేదీ అదేనండీ," అన్నారు అయ్యగారు. "ఎవరూ చదవని మాట ఈవిడకి నోటికెట్టా వచ్చిందంటారు?"

గుడంతా గొల్లున నవ్వింది. సంఘపెద్దకూ నవ్వు ఆగలేదు. "సర్లెండి, ఓడిపోయాను. ఇంతకీ దానర్థం ఏంటండీ?"

"హెబ్రీ మాటండీ. ఖాయంగా ఎవరికీ తెలీదు. పాట కాసేపు ఆపమని కొందరంటారు, గొంతెత్తమని కొందరంటారు."

నాకు రెండర్థాలూ నచ్చాయి. కీర్తనలో ఆ మాట ఇంకా రెండు చోట్ల ఉంది. రెండోసారి ఆగి, ఊపిరి తీసుకుని, గొంతెత్తాను. చివర్లో అదే వచనం మళ్లీ రాగానే, నేను నోరు తెరిచేలోపే ఆడవాళ్ల చాపలన్నీ ఒక్కసారిగా అన్నాయి: "సెలా!"

సోమవారం మధ్యాహ్నం వరండాలో నా పక్కన ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకరు మా ఆడపడుచే. పలక ఒళ్లో పెట్టుకుని, "అ ఆలు తర్వాత చూద్దాం గానీ, ముందు ఆ మాట రాయడం నేర్పొదినా," అంది.