శనివారం పడిన ట్రౌట్

ఈ పోస్ట్ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను.

చదివేది మనవాళ్లే. సగం మంది నిన్న బావ ఊరు రాచర్లలో నా పక్కనే నిలబడి ఉన్నారు. చదవాల్సిన మనిషికేమో ఫేస్‌బుక్కే లేదు.

కానీ సుబ్బరాయుడు బావ విషయంలో ఒక మాట తేలకుండా ఉండిపోయింది. అందుకే రాస్తున్నాను.

నిన్న తెల్లవారుతుండగా గిద్దలూరు నుంచి మస్తాన్ ఫోన్. "సుబ్బరాయుడన్న పోయినాడు. గుండెపోటంట."

మస్తాన్ మా ఇద్దరికీ చిన్ననాటి స్నేహితుడు. సైకిల్ షాపు పేరుకే, అసలు వృత్తి జనాన్ని ఆటపట్టించడం. "పొద్దున్నే ఈ ఎగతాళి ఏందిరా" అని తిట్టాను.

అవతల మాట లేదు.

ఫోన్లో మస్తాన్ మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి. అప్పుడు అర్థమైంది.

బావకు గొర్రెలున్నాయి, మెట్ట పొలం ఉంది. ప్రాణం మాత్రం గాలం మీద. కంభం చెరువుకు నీళ్లొచ్చిన ఏడాది ఆయన ఇంట్లో కనపడేవాడు కాదు. నీళ్లు రాని ఏడాది ఫోన్లో చేపల వీడియోలు చూసేవాడు. మా వైపు చేపల వేట సగం ఏళ్లు వీడియోల్లోనే.

అక్కడే కనపడింది ట్రౌట్. మంచు కొండల చేప. దానికి ఎర వేయరు. ఈకలు, దారం కలిపి ఈగలాగా కట్టిన గాలాన్ని నీళ్ల మీద ఆడిస్తారు.

"ఈకను చూపిచ్చి చేపను మోసం చేయాలంట బావా! పోదాం పా" అన్నాడు.

ముగ్గురం హిమాచల్ వెళ్లాం. ట్రౌట్ పట్టి ఫోటో తెస్తానని ఆయన ఊరంతా చాటాడు. ఆయన భార్య రమణమ్మ, నాకు చెల్లెలు వరస, ఒకటే మాట అంది: "గొర్రెలు నేను చూసుకుంటా. చేప పడకుంటే మాత్రం ఇంటికి రాబాకు."

అక్కడ ఏరు చూడగానే ముగ్గురికీ కడుపు మండింది. అన్ని నీళ్లు ఎవరికీ పట్టనట్టు పారిపోతున్నాయి. దాన్ని మా వైపు పుల్లలచెరువు దాకా ఎట్ల మళ్లించాలో మస్తాన్ ఇసుకలో గంటసేపు ప్లాన్ గీశాడు. కొండలు అడ్డమొస్తే చెరిపేశాడు. సరే, అది వేరే కథ.

శని, ఆదివారాలకు చేపలు పట్టే పర్మిట్, వెంట ఒక గైడ్. బావ చేలో పిట్టల్ని తోలే ఒడిసెలను తిప్పినట్టు గాలం కర్ర గిర్రున తిప్పాడు.

"పడిందిరో!"

"నా టోపీ పడిందన్నా! లాగబాక, చెవి కూడా వస్తాది!"

పొద్దు వాలే వేళకు నిజంగానే పడింది. మూరెడు చేప. ఒళ్లంతా ఎర్రచుక్కలు. గైడ్ కొలిచి, ఉంచుకోవచ్చన్నాడు. ఏట్లో పడిపోతాయనే భయంతో మా ఫోన్లు గదిలో వదిలొచ్చాం. గైడ్‌ది బటన్ ఫోన్.

పైగా శనివారం. బావ, నేను ఆ రోజు నీసు ముట్టం.

"నాకు శనివారం లేదు గదన్నా, ఇటియ్యి, నేను తింటా" అన్నాడు మస్తాన్.

"నేను పట్టింది నువ్వు తింటాంటే, పప్పు కలుపుకుంటా నేను చూడాల్నా? రేపు ముగ్గురం తిందాం. ఎండలో ఫోటో కూడా తీద్దాం. యాడికి పోతాది?"

ఒడ్డున రాళ్లు పేర్చి చిన్న మడుగు కట్టి, చేపను అందులో వదిలాడు.

రాత్రి వాన పడింది. పొద్దున ఏరు పొంగి ఉంది. మడుగూ లేదు, చేపా లేదు.

బావ మళ్లీ గాలం కర్ర అందుకున్నాడు. "పోనీలే బావా. మన శనివారం దానికి కలిసొచ్చింది."

ఆ రోజంతా తిప్పినా ఇంకొకటి పడలేదు. ఫోటో లేకుండా ఊరికి వచ్చాం.

చేప నోటిదాకా వచ్చి పోయిన కోపం మస్తాన్‌ది. టీకొట్టులో ఎవరడిగినా, "చేపా? నేను చూళ్లేదే" అనేవాడు. నేను చూశానంటే, "బావవు గదా, నీ సాక్ష్యం చెల్లదు" అనేవారు. ఏళ్ల తరబడి అదే ఆట. బావ కూడా నవ్వేవాడు.

ఒకసారి మాత్రం నాతో అన్నాడు: "ఊరు నమ్మకుంటే పోనీ బావా. రమణమ్మ కూడా నమ్మల్యా."

అందుకే ఈ పోస్ట్. ఆ చేప పడింది. నా కళ్లతో చూశాను.

ఉంటాను బావా. నువ్వున్న చోట ఏరు నిండుగా ఉండాలి, శనివారాలు ఉండకూడదు. నెమ్మదిగా ఉండు.

నిన్న సాయంత్రం జనం వెళ్లిపోయాక నేనూ మస్తానూ బావ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. రమణమ్మ వచ్చి నన్ను కాదు, మస్తాన్‌నే అడిగింది.

"మస్తానూ, ఇప్పుడన్నా నిజం చెప్పు. ఆ చేప పడిందా?"

మస్తాన్ కుడిచెయ్యి ముందుకు చాపాడు. ఎడమచేత్తో భుజం దగ్గర గీత గీశాడు.

"ఇంత వదినా."

నేనూ తలూపాను.

గొర్రెలు ఇంటికొచ్చాయి. రమణమ్మ లేచి దొడ్డి తడిక తీయడానికి వెళ్లింది.