కిటికీ గట్టు మీది రొట్టె

విరుదునగర్‌లో ఒక కాలేజీవాళ్ళు ఫ్రెంచి సినిమా వేస్తున్నారని, మా బడిలో లెక్కలు చెప్పే అమ్మాయి నన్ను బలవంతాన లాక్కెళ్ళింది. ఇద్దరం కోవిల్‌పట్టిలో టీచర్లం. ఆమె నన్ను అక్కా అంటుంది, రెండేళ్ళుగా ఒకరి డబ్బాలో ఒకరం చెయ్యిపెట్టి తింటున్నాం. ఆవేళ బస్సులో కూడా కడలమిఠాయి విరిచి, వేరుశనగ పలుకులు రాలిపోతున్నా నా అరచేతిలోనే పెట్టింది. మా కబుర్లన్నీ అరవంలోనే. నా ఇంటి భాష తెలుగని చెప్పే అవసరమే రాలేదు.

సినిమాలో ఒక ఊరు, ఊరవతల గుడారాల్లో బతికేవాళ్ళు. వాళ్ళ పిల్ల రొట్టె కొనడానికి వస్తే దుకాణం ఆవిడ చేతికివ్వదు. కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి జరుగుతుంది. పిల్ల వెళ్ళాక గట్టు తుడుస్తుంది. చివరికి ఊరివాళ్ళు గుడారాలు తగలబెడుతుంటే కిటికీ మూసుకుంటుంది. "ఛీ, ఏం మనుషులో," అని పైకే అన్నాను.

బస్టాండులో నిలబడ్డప్పుడు ఆమెకు ఫోను వచ్చింది. "వస్తా ఉండానమ్మా. నువ్వు బువ్వ తినేయి," అంది. అచ్చం మా ఇంటి తెలుగు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వూ మనోళ్ళేనా? ఇన్నాళ్ళూ చెప్పలేదే. యా ఊరు మీది?" అని తెలుగులోనే అడిగాను.

"పుదూరు పక్కనక్కా."

"ఊర్లో యాడ?"

"కాలనీ," అంది, నా ముఖంలోకే చూస్తూ.

కాలనీ అంటే మా వైపు ఊరికి అవతలుండే దళితుల వీధి. అక్కడా చాలా ఇళ్ళలో తెలుగే. అయినా మా నల్లరేగడి పల్లెల్లో భూములున్నవాళ్ళు వాళ్ళతో తెలుగు మాట్లాడరు. కళ్ళంలో వాళ్ళు తెలుగులో పలకరించినా మా అవ్వ అరవంలోనే బదులిచ్చేది. "వాళ్ళకాడ మన మాట ఏంటికి?" అనేది. నాకెవరూ ప్రత్యేకంగా నేర్పలేదు, వింటూ పెరిగానంతే.

"సరే, బస్సు వచ్చేసింది, ఎక్కు," అన్నాను. అరవంలో. నోరు దానంతటదే తిరిగింది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. ఇందాక "ఏం మనుషులో" అన్న నోరు ఇదే. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. మళ్ళీ తెలుగులో ఏదో ఒకటి అందామనుకున్నాను, కానీ ఏమన్నా అది అతుకే.

బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. సంచిలోంచి మిగిలిన కడలమిఠాయి తీసింది. ఈసారి నా చేతికివ్వలేదు. ఇద్దరి మధ్యా సీటు మీద పొట్లం పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తీసుకోండి టీచర్," అంది, అరవంలో.

తీసుకున్నాను. కోవిల్‌పట్టి దాకా అది నా చేతిలోనే ఉంది.